వాన లేని చోట పెరిగే నీళ్లు

తొంభైలలో నాతో కలిసి పనిచేసిన సుధ అనే ఇంజనీరు దగ్గర ఇప్పుడు కొంతమంది కుర్రవాళ్లు, అమ్మాయిలు పనిచేస్తున్నారు. ధ్రువాల దగ్గరి మంచు కరిగితే సముద్రం ఎంత పెరుగుతుందో యంత్రాలకు నేర్పించి ముందుగా చెప్పించడం వాళ్ల పని. "మనం ఈ పని మొదలుపెట్టినప్పుడు ఎలా ఉండేదో వాళ్ల కోసం రాసివ్వండి ఖాజా గారూ" అని ఆమె అడిగింది.

నేను సముద్రం పని చేయలేదు. నా ఉద్యోగమంతా నల్గొండ జిల్లాలో రాళ్లగుట్టల మధ్య, నీటి మట్టాలు చూసి లెక్కలు కట్టే సెక్షన్‌లో గడిచింది. సముద్రాన్ని మొదటిసారి చూసింది రిటైరయ్యాకే. అయినా రాయడానికి ఒప్పుకున్నాను. ఎక్కడో పైన పేరుకున్న నీళ్లు ఎప్పుడు కిందికి దిగుతాయి, దిగితే ఎవరి కాళ్ల కిందికి వస్తాయి అన్నదే మా ప్రశ్న. సుధ దగ్గరి పిల్లల ప్రశ్న కూడా అదే. మా పైన ఇంకో డ్యాం ఉండేది, వాళ్ల పైన మంచు ఉంది.

ప్రమోషన్ల సంగతి, సీనియారిటీ గొడవల సంగతి రాయను. అవి అన్ని ఆఫీసుల్లో ఒక్కలాగే ఉంటాయి.

అల, నీళ్లు

ఎనభైల మొదట్లో కేతేపల్లి దగ్గర నా మొదటి పోస్టింగు. నీళ్లలో నిలబెట్టిన కొలబద్ద మీద మట్టం చూసి రాసుకోవడమే పని. గాలి తోలితే నీళ్లు కొలబద్ద మీద ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. మొదటి వారం నేను చూపు పడిన క్షణంలో ఏది కనబడితే అది రాసేవాణ్ణి.

మా ఓవర్సీరు రాంరెడ్డి సాబ్ చుట్ట నోట్లోంచి తీయకుండా అడిగాడు.

"ఏం ఖాజా, పొద్దుగాల ఇంత ఉన్న చెరువు చాయ్ తాగొచ్చేలోపల ఇంత పెరిగిందా? ఎవరు పోసిన్రు, మీ మామనా?"

"గాలి ఉండె సాబ్."

"గాలి గాలిదే. నువ్వు అల రాస్తున్నవు. నీళ్లు రాయి. పైకి ఎక్కింది చూడు, కిందికి దిగింది చూడు, జరసేపు నిలబడి నడుమది రాయి. నీకేమన్న రైలు పోతాందా?"

ఆయన పదో తరగతి దాటలేదు. కోపం ఎక్కువ, ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. కానీ ఆ మాట మా వృత్తిలో సగం. సముద్రం మట్టం కొలిచేవాళ్లు కూడా అలను, పోటును, గాలిని తీసేసి మిగిలిన నీళ్లను వెతుకుతారని నేను తర్వాత చదివాను. చదివిన రోజు రాంరెడ్డి సాబ్‌కు ఉత్తరం రాయాలనిపించింది. రాస్తే "ఇప్పుడు తెలిసిందా" అంటాడని ఊరుకున్నాను.

గ్రంథాలయంలో మంచు

నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగిలింది నల్గొండ జిల్లా గ్రంథాలయం చదివించింది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. మా అబ్బా, అంటే నాన్న, ఊళ్లో గడియారం సెంటర్‌లో దర్జీ. దుకాణంలో ఇస్త్రీ వేడికి కూర్చోలేక లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను, అక్కడ ఫ్యాను ఉండేది. మొదట ఫ్యాను కోసం, తర్వాత పత్రికల కోసం. ఇంగ్లిష్ సైన్సు పత్రికలను ఎవరూ ముట్టుకునేవారు కాదు కాబట్టి అవి ఎప్పుడూ ఖాళీగా దొరికేవి. పక్కన నిఘంటువు పెట్టుకొని ఒక్కో పేజీని ఒక్కో సెలవురోజు తినేవాణ్ణి.

అట్లా ఒకసారి మంచు గురించి చదివాను. నీళ్ల మీద తేలే మంచు కరిగితే సముద్రం దాదాపు పెరగదట. నేల మీద పేరుకున్న మంచు కరిగి దిగితేనే పెరుగుతుందట. నమ్మకం కలగలేదు. సోడా దుకాణంలో ఐసుముక్క అడిగి, గ్లాసులో వేసి, అంచు దాకా నీళ్లు పోసి చూశాను. ఐసు కరిగిపోయింది, ఒక్క చుక్క కింద పడలేదు. దుకాణం సలీం చాచా నా మొహం చూసి, "నీళ్లల్ల ఐసు కరుగుతది బేటా, దానికి గింత హైరానా ఎందుకు" అన్నాడు. నాకు మాత్రం ఆ రోజు పండుగలా ఉంది.

ఎక్కడో ఎవరూ లేని చోట కరిగితే, ఆ చోటు పేరు కూడా తెలియని మనిషి గుమ్మంలోకి నీళ్లు వస్తాయన్నది నా మనసులో నిలిచిపోయింది. తర్వాత నందికొండ డ్యాంకు బదిలీ అయినప్పుడు అదే కళ్లారా చూశాను. అక్కడ మాకు చినుకు లేకపోయినా కృష్ణా నది పెరుగుతుంది. వాన పడేది పడమటి కొండల్లో. ముందు పైనున్న డ్యాములు నిండాలి, తర్వాతే మా వంతు.

చెప్పులు విడిచే గది

తొంభైల నడుమ హైదరాబాద్ నుంచి ఒక చిన్న పరిశోధన బృందం నందికొండకు వచ్చింది. రిజర్వాయరు మట్టాన్ని కంప్యూటరుతో ముందుగా చెప్పించాలని వాళ్ల ఆలోచన. బృందంలో పెద్ద నరసింహమూర్తి గారు, గోదావరి జిల్లా మనిషి. చిన్నది సుధ, అప్పుడే చదువు ముగించి వచ్చింది. పాత మట్టాల సంగతి తెలిసినవాడని నన్ను వాళ్లకు అప్పగించారు.

కంప్యూటరుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలోకి చెప్పులతో పోకూడదు. మాకు ఫ్యాను లేదు, దానికి ఏసీ ఉంది.

అది నేర్చుకునే పద్ధతి సుధ నాకు చాయ్ తాగుతూ చెప్పింది. పాత సంవత్సరాల మట్టాలు, వానలు దానికి చూపిస్తాం. "తర్వాత ఏమైంది?" అని అడుగుతాం. మొదట అడ్డదిడ్డంగా చెబుతుంది. ఎంత తప్పిందో చెబుతాం. లోపలి తూకాలను కొంచెం సర్దుకొని మళ్లీ చెబుతుంది. ఇలా వేలసార్లు. దాన్ని ఆమె న్యూరల్ నెట్‌వర్క్ అనేది, నందికొండలో అందరూ డబ్బా అనేవారు.

"మా అబ్బా కూడా ఇట్లనే నేర్చుకున్నడు" అన్నాను. "మనిషి గుమ్మంల నిలబడితే టేపు లేకుండనే గుడ్డ కత్తిరిస్తడు."

"కొలత తప్పదా?"

"మామూలు మనుషులకు తప్పది. ఒకసారి పహిల్వాన్ వచ్చిండు. అబ్బా టేపు తీసిండు. నేను నవ్విన. 'ఇసొంటోన్ని నేను ఎప్పుడు కుట్టలే, నా కన్ను నమ్మను' అన్నడు."

సుధ నవ్వి ఊరుకుంది. అప్పటికి ఇద్దరికీ అది ఉత్త ముచ్చటే.

మల్లయ్య గొర్రెలు

ఎండాకాలంలో రిజర్వాయరు లోపలికి తగ్గుతుంది. తేలిన నేల మీద ఒండ్రు ఉంటుంది, ఒండ్రు మీద పచ్చిక వస్తుంది. బయట గుట్టలన్నీ మాడిపోయిన రోజుల్లో అక్కడ ఒక్కచోటే పచ్చదనం. మహబూబ్‌నగర్ వైపు నుంచి కురుమలు గొర్రెలు తోలుకొని వచ్చి ఆ నేల మీద గుడిసెలు వేసుకొని మేపుకుంటారు. నీళ్లు పెరిగే కాలానికి పైకి ఎక్కుతారు. తొందరగా ఎక్కితే పైన మేత ఉండదు. ఆలస్యంగా ఎక్కితే నీళ్లు దారి మూసేస్తాయి.

మల్లయ్య, ఆయన భార్య బాలమ్మ మేపే చోటు ఒక మిట్ట. మిట్ట ఎత్తుగానే ఉండేది కానీ దానికీ గట్టుకూ నడుమ ఒక పల్లం ఉంది. ముందు మునిగేది ఆ పల్లం. మాకు మొదట్లో ఈ సంగతి తెలియదు. మిట్ట మునిగే మట్టం లెక్కకట్టి "ఇంకా చాలా టైముంది" అనుకునేవాళ్లం. ఏ మట్టం ఎవరి దారి మూస్తుందో వెళ్లి చూడకుండా లెక్కలోకి దిగవద్దు. సుధ దగ్గరి పిల్లలకు నేను చెప్పే మొదటి గట్టి మాట ఇదే.

డబ్బా వచ్చిన మొదటి ఏడు అది ఒక తేదీ చెప్పింది. నరసింహమూర్తి గారు ఆ తేదీ చాటింపు వేయించారు. మల్లయ్య నమ్మి గొర్రెలను పైకి తోలాడు. నీళ్లు మరో నెల దాకా రాలేదు. పైన గడ్డిపోచ లేదు. తల్లులకు పాలు ఇంకిపోయి గొర్రెపిల్లలు కొన్ని చచ్చిపోయాయి.

అందువల్ల రెండో ఏడు ఏం చెప్పినా ఆయన వినడని మాకు తెలుసు. వినకుండా ఉండిపోయి నీళ్లు తొందరగా వస్తే, ఆ మంద మొత్తం పోతుందని కూడా తెలుసు. ఆ కుటుంబానికి మంద తప్ప ఇంకేమీ లేదు.

ఆ రెండేళ్లు

రెండో ఏడు డబ్బా బాగా కుదిరింది. పాత సంవత్సరాలను అడిగితే దాదాపు సరిగ్గా చెబుతోంది. ఆ ఏటికి ఆగస్టు నడుమ అని చెప్పింది. నరసింహమూర్తి గారు సంతోషించారు. నేను తెర మీద గీతలు చూస్తూ సుధను అడిగాను.

"నీళ్లు మస్తు తొందరగ వచ్చిన ఏండ్లు రెండుండాలె గదా మేడం. ఇండ్ల కనబడ్తలేవు."

"తీసేశాను. ఆ రెండేళ్లు ఉంటే మిగతావన్నీ పాడవుతున్నాయి. అవి తీసేస్తే ఎంత బాగా వచ్చిందో చూశారుగా."

"పహిల్వాన్‌ను తీసేసిన్రన్నమాట" అన్నాను.

ఆమె నుదురు కొట్టుకుంది. ఇది ఆమెను తక్కువ చేయడానికి రాయడం లేదు. లెక్క పొందికగా రావాలని ఇబ్బందిపెట్టే సంవత్సరాలను పక్కనపెట్టడం మా పనిలో అందరూ చేసే తప్పే. నేనైనా మట్టాలు గుర్తుండబట్టి అడిగాను గానీ, ఆమె చోటులో ఉంటే అదే చేసేవాణ్ణి.

ఆ రెండేళ్లు మళ్లీ కలిపింది. డబ్బా తికమకపడింది. రెండే రెండు ఉదాహరణలతో అది ఏం నేర్చుకుంటుంది? అప్పుడు సుధ రెండు పనులు చేసింది. ఒకటి, డబ్బాకు మళ్లీ మళ్లీ నేర్పింది, ప్రతిసారీ ఒక సంవత్సరాన్ని దాచిపెట్టి. ఏ ఏడు దాస్తే జవాబు ఎటు జరుగుతుందో చూసింది. జవాబులు ఒకచోట లేవు, జూలై మొదటి నుంచి ఆగస్టు నడుమ దాకా చెల్లాచెదరుగా పడ్డాయి. రెండు, పై డ్యాంలో ఎంత ఖాళీ ఉందో వైర్‌లెస్‌లో రోజూ వచ్చే కబురు తీసుకొని మామూలు కూడిక తీసివేతలు వేసింది. ఆ ఏడు పై డ్యాం వేసవి చివరికి కూడా బాగా నిండి ఉంది. అంత నిండుగా వేసవి దాటిన సంవత్సరం మా పాత లెక్కల్లో ఒక్కటీ లేదు.

మేమిద్దరం నరసింహమూర్తి గారి దగ్గరికి పోయాం.

"తేదీ చెప్పండమ్మా" అన్నారాయన.

"తేదీ లేదండీ. వచ్చే ఆదివారం నుంచి పంద్రాగస్టు దాకా ఎప్పుడైనా."

"ఆరు వారాల వెడల్పు చెప్పి ఆ గొర్రెల కాపరిని ఏం చెయ్యమంటారు? మనకేం తెలీదని చెప్పినట్టే కదండీ. పోయినేడు పోయిన పరువు చాలదూ?"

ఆయన పరువు కోసమే మాట్లాడినా, అడిగింది మంచి ప్రశ్న. ఆ ఆరు వారాలతో ఒక మనిషి ఏం చేయగలడు? చివరికి ఆయన, "చాటింపు వెయ్యను. మీరిద్దరూ వెళ్లి నోటిమాటగా చెప్పుకోండి" అని జీపు ఇచ్చారు. ఆ జీపు ఇచ్చినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

మిట్ట మీద మాట

మమ్మల్ని దూరం నుంచి చూసి మల్లయ్య భార్యను కేకేశాడు.

"బాలమ్మా, డబ్బోళ్లు వస్తున్నరు. గొర్రెపిల్లల్ని లోపల దాచు."

ఆమె నవ్వలేదు. చెంబుతో నీళ్లిచ్చి దూరంగా కూర్చుంది.

"చెప్పుండ్రి ఖాజా సాబ్. మల్ల ఏ తేదీ తెచ్చిన్రు?"

"తేదీ తేలే మల్లన్నా. తొందరగ వస్తే గీ ఐతారం. లేకుంటే పంద్రాగస్టు దాంక."

"గంత దూరమా? గీ నడుమల నేను నా బిడ్డ పెండ్లి చేసి, అల్లునితోని కొట్లాడి, మల్ల కలిసి రావొచ్చు."

"నిరుడు ఒక్క తేదీ చెప్పినం. అది మా తప్పు. మాకు తెలిసింది గింతే."

"మా నాయిన చెప్పిండు. తొలేకాశి పండుగ దాటినంక మిట్ట దిగాలె అని. గా లెక్క ఎన్నడు తప్పలే, నీళ్లు తొందరగ వచ్చిన ఏండ్ల గూడ. తొలేకాశి ఇంక రాలే."

నాకు అప్పుడు తట్టింది. వాళ్ల నాయిన ఈ మిట్ట మీద గొర్రెలు మేపడం మొదలుపెట్టింది డ్యాం కట్టాకే. ఆయన చూసిన ఏళ్లూ మా డబ్బా చూసిన ఏళ్లూ ఒక్కటే. ఇద్దరూ అదే బడిలో చదివారు. కాబట్టి ఇద్దరూ ఇంకా టైముందనే చెబుతున్నారు, రెండు నోళ్లు చెప్పాయని ఆ మాటకు బలం రాదు.

సుధ చెంబు చేతిలోకి తీసుకుంది. "అమ్మా, మామూలుగా పైనున్న డ్యాం ఎండాకాలానికి ఖాళీ అవుతుంది. వాన పడితే ముందు అది నిండాలి, తర్వాతే మన దగ్గరికి. ఈ ఏడు అది ఖాళీ కాలేదు. ఇంతవరకు ఉంది" అని చెంబు మెడ దగ్గర వేలు పెట్టి చూపించింది.

బాలమ్మ మొదటిసారి దగ్గరికి జరిగింది. "నిండిన కుండల పోస్తే కిందికే గదా."

"అంతే. పోస్తారా లేదా, ఎప్పుడు పోస్తారన్నదే తెలియదు. పడమట వాన బాగా పడితే ఐతారమే."

"పడకుంటే?"

"నీళ్లు రావడానికి ఇంకా నెల పైనే పడుతుంది. మీకు మేత నష్టం."

మల్లయ్య కర్రతో నేల గీస్తూ కూర్చున్నాడు. బాలమ్మే అంది.

"తల్లులను, పిల్లలను మీదికి తోలుదాం. గీడికెల్లి గడ్డి కోసుకపోయి ఏస్తే గవ్వాటి మట్టుకు మేత ఎల్తది. పొట్టేళ్లు, గొడ్డుగొర్లు గీడనే ఉండని."

"ఐతారం నీళ్లొస్తే పొట్టేళ్లో?"

"వాటిని చేపలోళ్ల పుట్టిల ఏసుకొని తేవొచ్చు, ఉన్నయే గన్ని. పోతే గవ్వే పోతయి. తల్లులుంటే మంద మల్ల అయితది. పొట్టేళ్లకు తిండి ఎక్కువ, అక్కెర తక్కువ. మీ మొగోళ్ల లెక్కనే."

మల్లయ్య ఆమె వైపు చూసి, మా వైపు చూసి, "ఇనిన్రుగా, ఇల్లు ఎవరు నడుపుతున్నరో" అన్నాడు.

నరసింహమూర్తి గారి ప్రశ్నకు జవాబు దొరికింది. ఆరు వారాల వెడల్పుతో ఒక మనిషి ఏం చేయగలదో బాలమ్మ చేసి చూపించింది. ఒక్క తేదీ చెప్పి ఉంటే మంద మొత్తం కింద ఉండాలి లేదా మొత్తం పైకి పోవాలి. మాకు తెలియనిదెంతో కూడా చెప్పబట్టి ఆమెకు మందను రెండుగా విడదీసే వీలు దొరికింది.

ఐతారం తర్వాత

ఐతారం వచ్చింది, పోయింది. నీళ్లు రాలేదు. మల్లయ్య రోజూ గడ్డి మోపులు మోసి పైకి తీసుకుపోతున్నాడని తెలిసింది. సంతలో ఎదురుపడి, "సాబ్, మీ డబ్బ నాకు నడుము నొప్పి తెచ్చింది. దవాఖాన కర్చు రాసుకోండ్రి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాతి వారం పడమట గట్టిగా పట్టింది. ఒక మధ్యాహ్నం వైర్‌లెస్‌లో పై డ్యాం గేట్లు ఎత్తుతున్నారని కబురు. నందికొండలో ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. కబురు చెప్పడానికి జీపులో పోయాం. మర్నాడు పొద్దున్నకు పల్లం నీళ్లతో నిండిపోయింది. తొలేకాశికి ఇంకా టైముంది.

తల్లులు, పిల్లలు గట్టు మీద ఉన్నాయి. మిట్ట మీద మిగిలినవాటిని చేపలు పట్టేవాళ్ల పుట్టిలో, ఆ గుండ్రటి బుట్టపడవలో, కాళ్లు కట్టి, రెండేసి చొప్పున తెచ్చారు. మల్లయ్య మొల లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కదాన్ని అందుకుంటూ ఒక్కొక్కదాన్నీ తిట్టాడు. ఒక ముసలి పొట్టేలు పుట్టిని నమ్మలేదు, కట్టేలోపే నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వచ్చింది. "దీనికి డబ్బ మీద గూడ నమ్మకం లేదు" అన్నాడు మల్లయ్య. సుధ గట్టు మీద కూర్చొని ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుంది. అది ఆమె చీరకొంగు నమిలింది.

మీ పని గురించి

యంత్రాలు ఇప్పుడు ఎంతో పెద్దవయ్యాయని సుధ చెప్పింది. మంచు లెక్క మొత్తం కట్టడానికి నెలలు పట్టేదాన్ని, నేర్చుకున్న యంత్రం క్షణంలో చెబుతుందట. అందువల్ల ఎన్నో రకాల భవిష్యత్తులను వేసి చూడవచ్చట. వింటుంటే సంతోషంగా ఉంది. మేం ఒక్క ఏడు దాచి నేర్పించడానికి రోజంతా కరెంటు పోకూడదని మొక్కుకునేవాళ్లం.

అయినా ఆ యంత్రం చూసినదాన్నే నేర్చుకుంటుంది. మనుషులు కొలిచిన కాలంలో మంచు నెమ్మదిగానే కదిలి ఉండవచ్చు. దాన్ని ఆపుతున్న ఆసరా ఏదైనా పోయాక ఎలా నడుస్తుందో మీ కొలతల్లో లేకపోవచ్చు. అలాంటిచోట నీళ్లు, బరువు, వేడి పాటించే నియమాలను యంత్రం పక్కనే కూర్చోబెట్టండి. సుధ కూడిక తీసివేతలు చేసినట్టు. మిమ్మల్ని ఇబ్బందిపెట్టే అంకెలను తీసేయకండి. పెద్దవాళ్లు ఒక్క అంకె అడుగుతారు, మర్యాదగానే వెడల్పు చెప్పండి, తిట్లు తినండి. ఆ వెడల్పును ఏం చేసుకోవాలో సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు మీకంటే బాగా తెలిసే అవకాశం ఉంది. కానీ పై కుండ ఎంత నిండిందో వాళ్లకు కనబడదు, అది మీరే చెప్పాలి.

నాకు ఈ ఉద్యోగం తృప్తినిచ్చింది. అందులో ఎక్కువ భాగం ఒక్క మధ్యాహ్నానిది.

నీళ్లు ముందుగా వచ్చిన ఏటికి మరుసటి ఏడు, ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం, మల్లయ్య తనంతట తానే మా ఆఫీసుకు వచ్చాడు. గది బయట చెప్పులు విడిచి, తలపాగా సర్దుకొని, కంప్యూటరును ఒకసారి ఎగాదిగా చూసి నా ముందు కూర్చున్నాడు. నీళ్లు ఎప్పుడొస్తాయని అడుగుతాడనుకొని, తేదీ చెప్పలేమని మళ్లీ మొదలుపెట్టబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తేదీ వద్దు సాబ్. తొందరగ వస్తే ఎప్పుడొస్తదో గదొక్కటే చెప్పు. మిగిలింది బాలమ్మ సూసుకుంటది."